తీర్పు వచ్చేదాకా ఆగనక్కరలేదు: హింస బాధితులకు పరిహారం అందే దారులు

దాడి జరిగిన క్షణం నుంచే ఖర్చు మొదలవుతుంది. ఆసుపత్రి, మందులు, స్కానింగులు, స్టేషనుకూ కోర్టుకూ తిరిగే ఛార్జీలు, పోయిన కూలి, ఆగిపోయిన చదువు, ఒక్కోసారి ఉన్న ఊరే వదలాల్సిన పరిస్థితి. నిందితుడికి శిక్ష పడేది, పడితే, ఏళ్ల తర్వాత. ఈ నడిమి కాలాన్ని బాధిత కుటుంబాలు అప్పులు చేసి, ఉన్న కాస్త బంగారం తాకట్టు పెట్టి గడుపుతాయి. సరిగ్గా ఈ కాలం కోసమే చట్టం డబ్బు ఏర్పాటు చేసి ఉంచింది. అడగవచ్చని తెలియక కొందరు, అడిగితే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకుతో కొందరు ఆ తలుపు దాకా వెళ్లరు.

ఈ దారిని మూసేస్తున్నవి రెండు అపోహలు. పరిహారం ఇవ్వాల్సింది నేరం చేసినవాడేనన్నది ఒకటి. నేరం రుజువయ్యాకే అడగాలన్నది రెండోది. రెండూ నిజం కావు. బాధితులకు డబ్బు రాగల చోట్లు ప్రధానంగా రెండు: నేరస్థుడి ఆస్తి, ప్రభుత్వ నిధి. క్రిమినల్ కేసులో మొదటిది తీర్పుతో ముడిపడి ఉంటుంది. రెండోదానికి శిక్షతో పనిలేదు. నిందితుడు నిర్దోషిగా విడుదలైనా, అసలు ఎవరో తెలియకపోయినా ఆ నిధి నుంచి సాయం పొందే వీలుంది. ఈ తేడా ఒకసారి తెలిస్తే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

నేరస్థుడి నుంచి వచ్చేది

శిక్ష విధించేటప్పుడు జరిమానాలో కొంత గానీ మొత్తం గానీ బాధితులకు ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. శిక్షలో జరిమానా లేకపోతే విడిగా పరిహారం కట్టమనవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 357వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 395వ సెక్షన్. అధికారం ఎప్పటి నుంచో ఉన్నా కోర్టులు దాన్ని అరుదుగా వాడుతున్నాయని గమనించిన సుప్రీంకోర్టు 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో ఒక మాట గట్టిగా చెప్పింది. ప్రతి క్రిమినల్ కేసులోనూ పరిహారం గురించి ఆలోచించడం కోర్టు విధి, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలి అని.

ఆచరణలో ఈ దారికి అడ్డంకులున్నాయి. నేరస్థుడికి ఆస్తిపాస్తులు లేకపోతే తీర్పులో ఎంత రాసినా చేతికొచ్చేది స్వల్పం. అతడు అప్పీలుకు వెళ్తే, ఆ అప్పీలు తేలేదాకా జరిమానాలోంచి బాధితులకు ఇవ్వాల్సిన సొమ్ము ఆగిపోతుంది. అందుకని దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. అలాగని వదిలేయకూడదు కూడా. వైద్యం బిల్లులు, కోల్పోయిన ఆదాయం వివరాలు కేసు ఫైల్లో ఉండేలా చూసుకుని, వాదనల సమయంలోనే పరిహారం కోరమని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు చెప్పాలి. ఇచ్చింది చాలదనిపిస్తే దానిమీద అప్పీలు చేసే హక్కును అదే సంహితలోని 413వ సెక్షన్ బాధితులకే నేరుగా ఇచ్చింది. ప్రభుత్వం అప్పీలు చేస్తుందో లేదోనని ఎదురు చూడనక్కరలేదు.

ప్రభుత్వ నిధి నుంచి వచ్చేది

2008లో చేసిన చట్ట సవరణ 2009 చివరి నుంచి అమలులోకి వచ్చి, పాత కోడ్‌లో 357ఏ అనే కొత్త సెక్షన్‌ను తెచ్చింది. ఇప్పుడది సంహితలో 396వ సెక్షన్. ప్రతి రాష్ట్రమూ కేంద్రంతో సమన్వయం చేసుకుని బాధితుల పరిహార పథకం పెట్టాలని అది చెబుతుంది. పౌరులను కాపాడటం రాజ్యం ప్రాథమిక బాధ్యత కాబట్టి, ఆ బాధ్యతలో విఫలమైనప్పుడు జరిగిన నష్టంలో అది పాలుపంచుకోవాలన్నది దీని వెనకున్న ఆలోచన. ఇది దయతో వేసే భిక్ష కాదు. ఈ మాటను పదేపదే చెప్పాల్సి రావడమే బాధాకరం.

ఈ సెక్షన్ కింద డబ్బు వచ్చే సందర్భాలు వేరువేరు. నేరస్థుడు కట్టే పరిహారం పునరావాసానికి చాలదని కోర్టు భావిస్తే సిఫారసు చేయవచ్చు. కేసు కొట్టేసినా, నిందితుడు విడుదలైనా, బాధితులకు పునరావాసం అవసరమైతే అప్పుడూ చేయవచ్చు. నేరం చేసినవాడు దొరకక విచారణే జరగకపోతే బాధితులు గానీ, వారిమీద ఆధారపడినవారు గానీ నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంత ఇవ్వాలో తేల్చేది ఆ సంస్థే. రెండు నెలల్లో విచారణ పూర్తిచేయాలని చట్టంలోనే ఉంది. ఈలోగా వైద్యానికి గానీ ఇతర అవసరాలకు గానీ మధ్యంతర సాయం మంజూరు చేసే అధికారం కూడా దానికి ఉంది.

మహిళల విషయంలో ఇంకా స్పష్టమైన పథకం ఉంది. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పథకం 2018 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని మొత్తాలను రాష్ట్రాలు పెంచుకోవచ్చు గానీ తగ్గించకూడదన్నది కోర్టు ఉద్దేశం. అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 లక్షల నుంచి 10 లక్షలు, ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షల నుంచి 10 లక్షలు, యాసిడ్ దాడిలో గానీ కాలిన గాయాలతో గానీ ముఖం వికృతమైతే 7 లక్షల నుంచి 8 లక్షలు. అత్యాచారం వల్ల గర్భం వస్తే, దాడి వల్ల గర్భస్రావమైతే, అవయవం పోతే వేరువేరు మొత్తాలున్నాయి. శరీరం మీద గాయం కనిపించకపోయినా పునరావాసం అవసరమైనంత తీవ్రమైన మానసిక గాయానికి కూడా 1 లక్ష నుంచి 2 లక్షలు రాశారు. బాధితురాలు మైనరైతే ఈ మొత్తాలు 50 శాతం పెరుగుతాయి.

చాలామందికి తెలియని ముఖ్యమైన వెసులుబాటు దరఖాస్తు సమయానికి సంబంధించినది. ఎఫ్‌ఐఆర్ నమోదైతే చాలు, మధ్యంతర పరిహారం అడగవచ్చు. బాధితురాలే రానవసరం లేదు. ఆమెమీద ఆధారపడినవారు గానీ, ఆ ప్రాంతపు స్టేషన్ హౌస్ ఆఫీసర్ గానీ దరఖాస్తు పంపవచ్చు. ఇలాంటి నేరాల్లో ఎఫ్‌ఐఆర్ నమోదు కాగానే దాని ప్రతిని న్యాయ సేవాధికార సంస్థకు పంపడం పోలీసుల బాధ్యతగా పథకం పేర్కొంది. పంపారా లేదా అని స్టేషన్లో అడగడం బాధితుల హక్కు. నేరం జరిగిన రోజు నుంచి గానీ విచారణ ముగిసిన రోజు నుంచి గానీ మూడేళ్లలోపు దరఖాస్తు చేయాలి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. భయంతో ఊరు విడిచి వెళ్లడం, చికిత్సలో ఉండటం, ఇంట్లోవాళ్లు ఆపడం వంటి కారణాలు ఏమున్నా దరఖాస్తులోనే రాయాలి.

మంజూరైన డబ్బంతా ఒకేసారి చేతికి రాదు. సాధారణంగా 75 శాతాన్ని కనీసం మూడేళ్లపాటు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, 25 శాతాన్ని వెంటనే వాడుకోవడానికి ఇస్తారు. మైనర్లకైతే 80 శాతం డిపాజిట్‌లో ఉంటుంది. బంధువుల చేతుల్లో పడి కరిగిపోకుండా పెట్టిన నియమం ఇది, మంచిదే. అయితే చదువు కోసమో వైద్యం కోసమో ముందే తీసుకోవాల్సి వస్తే అనుమతి అడగవచ్చని కూడా పథకంలో ఉంది. బ్యాంకు ఖాతా బాధితురాలి ఒక్కరి పేరునే తెరవడం మేలు. భర్తతోనో మామతోనో ఉమ్మడి ఖాతా పెట్టి ఆ డబ్బు తమది కాకుండా పోయిందని ఏడ్చే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఇది మహిళల పథకం కాబట్టి పురుష బాధితుల మాటేమిటన్న ప్రశ్న వస్తుంది. కత్తిపోట్లకు గురైన యువకుడు గానీ, హత్యకు గురైన తండ్రి పిల్లలు గానీ రాష్ట్ర ప్రభుత్వ పరిహార పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ విడివిడిగా ఆ పథకాలున్నాయి. అందులోని మొత్తాలు వేరు, వెళ్లాల్సిన తలుపు మాత్రం అదే.

ఆ తలుపు ఎక్కడుంది

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. దాని కార్యదర్శి ఒక జడ్జి. మండల స్థాయిలో మండల న్యాయ సేవాధికార సంఘాలున్నాయి. ఫోనులో అడగాలంటే 15100 నంబరు. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతుంది. దరఖాస్తు రాయించడానికి ఎవరికీ డబ్బులివ్వాల్సిన పనిలేదు.

జతచేయాల్సిన కాగితాల్లో ఎఫ్‌ఐఆర్ ప్రతి మొదటిది. ఫిర్యాదుదారుకు అది ఉచితంగా ఇవ్వాలి. తర్వాత ఆసుపత్రి రికార్డు. ఇక్కడే చాలా కేసులు దెబ్బతింటాయి. కిరోసిన్ పోసి కాల్చిన కేసు ఆసుపత్రి చీటీలో స్టవ్ పేలిందని నమోదవుతుంది. కొట్టడం వల్ల విరిగిన చెయ్యి బాత్రూములో జారిపడిన చెయ్యిగా మారుతుంది. పక్కనే నిలబడి ఉన్న అత్తింటివారి ముందు ఆమె మరోలా చెప్పలేదు. కాగితాల్లో అది ప్రమాదమైతే నేరమే లేనట్టు. నేరం లేకపోతే పరిహారమూ లేదు. అందుకని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా, నమోదు చేయమని ఆసుపత్రిలో అడగడం, మొదట భయంతో తప్పు చెప్పి ఉంటే తర్వాతి వాంగ్మూలంలోనైనా కారణంతో సహా నిజం చెప్పడం ఎంతో ముఖ్యం.

వైద్యం విషయంలో మరో నియమం ఉంది. అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. సంహితలోని 397వ సెక్షన్ ఈ మాట చెబుతుంది. నిరాకరించిన ఆసుపత్రి బాధ్యులకు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

యాసిడ్ దాడుల విషయంలో చట్టం ఇంత దూరం రావడానికి ఒక బాధితురాలు ఏళ్ల తరబడి చేసిన పోరాటం కారణం. లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013లో కనీసం 3 లక్షల పరిహారం ఇవ్వాలని, అందులో లక్ష రూపాయలు 15 రోజుల్లో అందాలని, మిగతాది రెండు నెలల్లో చెల్లించాలని ఆదేశించింది. ఆ 3 లక్షలే గరిష్ఠమన్నట్టు కొన్ని రాష్ట్రాలు వ్యవహరిస్తే, 2015లో బిహార్‌కు చెందిన దళిత అక్కాచెల్లెళ్ల కేసులో అది కనిష్ఠం మాత్రమేనని కోర్టు స్పష్టం చేసి ఎక్కువ మొత్తం ఇప్పించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ బాధితులను వికలాంగుల జాబితాలో చేర్చింది. కాబట్టి వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే ఉద్యోగ రిజర్వేషన్‌కు కూడా అర్హత వస్తుంది. పరిహారం అయిపోయాక కూడా నడవాల్సిన జీవితానికి ఇది పెద్ద ఆసరా.

పిల్లలపై నేరాలు

పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద బాధితులు ఆడపిల్లలైనా మగపిల్లలైనా హక్కు సమానం. 2020 నాటి పోక్సో నిబంధనల్లో తొమ్మిదోది ప్రత్యేక కోర్టుకు విస్తృత అధికారం ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ తర్వాత ఏ దశలోనైనా, ఎవరూ అడగకపోయినా తనంతట తానే మధ్యంతర పరిహారం ఇవ్వమనవచ్చు. నిందితుడికి శిక్ష పడినా, విడుదలైనా, దొరక్కపోయినా తుది పరిహారం ఇవ్వవచ్చు. ఆదేశం అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. ఎంతివ్వాలో తేల్చేటప్పుడు చదువుకు కలిగిన అంతరాయం, నేరం ఒక్కసారి జరిగిందా పదేపదే జరిగిందా, చేసినవాడు పిల్లలకు నమ్మకస్తుడా అన్నవి కూడా చూడాలి. ఇంట్లోవాడే నేరం చేసిన సందర్భాల్లో ఈ చివరి అంశం చాలా బరువైనది, ఎందుకంటే సంపాదించేవాడు జైలుకు వెళ్లడంతో ఆ ఇంటి తిండే ఆగిపోతుంది. అలాంటప్పుడు తిండికి, బట్టలకు, ప్రయాణానికి వెంటనే కొంత డబ్బు ఇప్పించమని బాలల సంక్షేమ సమితి సిఫారసు చేయవచ్చు. అది వారంలో అందాలి.

కులం పేరుతో జరిగిన హింస

కారంచేడు దళితుల ఊచకోత 1985లో జరిగింది. చుండూరు 1991లో. ఈ రెంటి మధ్య 1989లో వచ్చింది ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. మన తెలుగు నేల మీద పారిన రక్తానికీ ఆ చట్టానికీ ఉన్న సంబంధం తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు. ఆ చట్టం కింద 1995లో చేసి 2016లో సవరించిన నిబంధనల్లో ఒక్కో నేరానికి ఒక్కో మొత్తం ఉంది. అవి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల వరకు ఉంటాయి. అత్యాచారానికి 5 లక్షలు, హత్యకు, సామూహిక అత్యాచారానికి 8 లక్షల 25 వేలు.

ఈ సాయం వాయిదాల్లో వస్తుంది. అత్యాచారం కేసులో వైద్యపరీక్ష నివేదిక వచ్చాక సగం, ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక పావు, విచారణ ముగిశాక మిగతా పావు. హత్య కేసులో పోస్టుమార్టం తర్వాత సగం, ఛార్జిషీటు తర్వాత సగం. అంటే హత్యకు గురైన వ్యక్తి కుటుంబానికి మొత్తం సాయం తీర్పుకు ముందే అందాలి. బాధ్యత జిల్లా యంత్రాంగానిది. ఏడు రోజుల్లో సాయం అందించే ఏర్పాటు చేయాలని నిబంధనలో ఉంది. ప్రాణం పోయిన కేసుల్లో పింఛను, ఇంట్లో ఒకరికి ఉద్యోగం వంటివి కూడా ఉన్నాయి. ఇవన్నీ దక్కాలంటే ఎఫ్‌ఐఆర్‌లో ఈ చట్టం సెక్షన్లు ఉండాలి. మామూలు కొట్లాటగా నమోదైతే కుటుంబం దరఖాస్తుతో తిరగడానికి ఆధారమే ఉండదు. ఈ సాయం తీసుకున్నంత మాత్రాన వేరే చట్టం కింద పరిహారం అడిగే హక్కు పోదని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది.

ఇంట్లో హింస

2005 గృహహింస చట్టం కింద డబ్బు అడగడానికి పోలీసు కేసు అక్కర్లేదు. మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చాలు. 20వ సెక్షన్ కింద వైద్య ఖర్చులు, పోయిన సంపాదన, ధ్వంసమైన వస్తువుల విలువ, భరణం అడగవచ్చు. 22వ సెక్షన్ కింద మానసిక వేదనకు విడిగా పరిహారం అడగవచ్చు. రెండూ వేరువేరు. లాయర్లు చాలాసార్లు భరణం మాత్రమే అడిగి 22ను మరిచిపోతుంటారు, దరఖాస్తు దాఖలు చేసేముందు అది ఉందో లేదో చదివి చూసుకోవాలి. భార్య ఒక్కరే కాదు, కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లి, అన్నదమ్ముల వేధింపులు పడే అక్కాచెల్లెళ్లు కూడా ఈ చట్టాన్ని వాడుకోవచ్చు. కట్టకపోతే అతడి జీతంలోంచి నేరుగా ఇవ్వమని యజమానిని కోర్టు ఆదేశించగలదు. సహాయానికి ప్రతి జిల్లాలో రక్షణాధికారి ఉంటారు. తెలంగాణలో సఖి కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లో వన్ స్టాప్ సెంటర్లు, 181 ఫోను కూడా ఉన్నాయి.

పనిచేసేచోట లైంగిక వేధింపు జరిగితే 2013 చట్టం కింద ఏర్పడిన కమిటీ విచారించి, వేధించినవారి జీతంలోంచి పరిహారం కోయమని చెప్పగలదు. మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి, కారణం ఉంటే మరో మూడు నెలలు.

రాజ్యమే హాని చేసినప్పుడు

పోలీసు కస్టడీలో, జైల్లో హింస జరిగితే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు ఒక జవాబు మన కోయిలకుంట్ల నుంచే వచ్చింది. 1977 మే నెలలో అక్కడి సబ్‌జైల్లో రిమాండులో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి ఉన్న గదిపై రాత్రివేళ దుండగులు బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. కుటుంబం ప్రభుత్వంపై నష్టపరిహారం దావా వేసింది. సార్వభౌమాధికారంతో చేసే పనులకు నష్టపరిహారం ఉండదని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు దావా కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ తీర్పును తిప్పికొట్టి 1,44,000 రూపాయలు వడ్డీతో ఇవ్వమంది. 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఖైదీకి కూడా జీవించే హక్కు ఉంటుందని, ఆ హక్కుకు భంగం కలిగితే సార్వభౌమాధికారం పేరు చెప్పి ప్రభుత్వం తప్పించుకోలేదని తేల్చింది. దాడి నుంచి చివరి తీర్పు దాకా 23 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు అంతకాలం ఆగకుండా హైకోర్టులో నేరుగా రిట్ (రాజ్యం వల్ల హక్కులకు భంగం కలిగిందని వేసే పిటిషన్) వేసే దారి బలపడింది. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో మగ్గిన రుదుల్ షాకు 1983లో, కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహెరాకు 1993లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిలోనే పరిహారం ఇప్పించింది. మానవ హక్కుల కమిషన్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు.

పెద్దమనుషుల ఒప్పందం, చట్టం ఇచ్చే పరిహారం

మన ఊళ్లలో పరిహారం అనగానే గుర్తొచ్చేది రచ్చబండ దగ్గర తేలే మొత్తం. ఇంత తీసుకుని కేసు వదిలేయండి, ఆడపిల్ల భవిష్యత్తు చూసుకోండి అని నచ్చజెబుతారు. అత్యాచారం రాజీకి వీలున్న నేరం కాదు. నేరాన్ని కప్పిపుచ్చడానికి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ శిక్షార్హం. బాధితులు మైనర్లైతే సంగతి తెలిసి కూడా పోలీసులకు చెప్పకుండా పంచాయితీ చేసిన పెద్దలు పోక్సో కింద తామే కేసులో ఇరుక్కోవచ్చు. అన్నిటికీ మించి ఆ డబ్బుకు ధర మౌనం. చట్టం ఇచ్చే పరిహారానికి అలాంటి షరతు లేదు. సాక్ష్యం చెబుతూనే, కేసు నడుపుతూనే దాన్ని తీసుకోవచ్చు. తప్పుడు ఫిర్యాదుతో తీసుకున్నట్టు తేలితే తప్ప తిరిగి కట్టాల్సిన పని ఉండదు.

క్రాస్ ఎగ్జామినేషన్లో నిందితుడి లాయరు డబ్బు కోసమే కేసు పెట్టావా అని అడగవచ్చు. ఊళ్లోవాళ్లు వీధిలోనే అడగవచ్చు. పరిహారం తాము బేరమాడి తెచ్చుకున్నది కాదని, చట్టం నిర్ణయించిన మొత్తాన్ని న్యాయ సేవాధికార సంస్థ విచారించి ఇచ్చిందని చెప్పడానికి బాధితులు సిగ్గుపడనక్కరలేదు. బిడ్డకు ఆపరేషన్ చేయించడానికి, మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లడానికి, వేరే ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకోవడానికి డబ్బు కావాలి. ఆ అవసరాన్ని తప్పుగా చూసేవాళ్లు ఎంతమంది ఉన్నా అది తప్పు కాదు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు సెషన్స్ కోర్టులకు మరోసారి గుర్తుచేసింది. శరీరానికి హాని జరిగిన కేసుల్లో, ముఖ్యంగా మహిళలు, మైనర్లు బాధితులైన కేసుల్లో తీర్పు చెప్పేటప్పుడే పరిహారానికి ఆదేశం ఇవ్వాలని చెప్పింది. తీర్పు కాపీలో ఆ పేరా లేకపోతే దాన్ని పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి మీరే దరఖాస్తు పెట్టవచ్చు. అక్కడ తక్కువ ఇచ్చారనిపిస్తే మహిళల పథకం కింద రాష్ట్ర సంస్థకు 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. రెండు నెలలు దాటినా దరఖాస్తుపై కదలిక లేకపోతే, రసీదు నంబరు, తేదీలు రాసుకుని హైకోర్టు న్యాయ సేవల కమిటీని అడగండి. గడువు దాటిందన్న కారణంతోనే రిట్ వేయవచ్చు, దానికి లాయరును వాళ్లే ఇస్తారు.